నేను కలిపిన పదకొండు లైన్లు

ఆరో పేజీ సగంలో ఉన్నాను. ఇంకా రెండు పేజీలు ఉన్నాయి, అందులో చివరిది చదవకూడదు. ఆ సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. మైకు నోటికి మరీ దగ్గరగా ఉందేమో, నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా గాలి కొట్టినట్టు చప్పుడు వస్తోంది. పక్క కుర్చీలో సార్, కుడి కన్ను మీద ఆకుపచ్చ అట్ట పెట్టుకుని, రెండో కన్ను మూసుకుని వింటున్నారు. మా కాళ్ళ దగ్గర, బల్ల కింద, పురికొసతో కట్టిన రెండు కట్టల పుస్తకాలు. అన్నీ నేను టైపు చేసినవే. ప్రతి పుస్తకంలోనూ చివరి పేజీలో ఉన్న పదకొండు లైన్లు ఆ కథ రాసినావిడ రాసినవి కావు, దాన్ని తెలుగు చేసిన సార్ రాసినవీ కావు. నావి.

అంతకంటే ఘోరం, ముందు వరసలో ఒక పెద్దావిడ దగ్గర అప్పుడే ఒక పుస్తకం ఉంది. మీటింగ్ మొదలవకముందు నేనే ఇచ్చాను. "నాకు చెవి సరిగా వినపడదమ్మా, ఒకటి ముందే ఇయ్యి, చూస్తా వింటాను" అంటే కట్టలోంచి లాగి ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నేను చదివే ప్రతి లైను కింద వేలు నడిపిస్తోంది.

అది బాపట్ల లైబ్రరీ హాలు. ఆదివారం, పగలు పన్నెండు కావస్తోంది.

ఇంతదాకా ఎలా తెచ్చుకున్నానో చెప్పాలంటే తెనాలి నుంచి మొదలుపెట్టాలి.

మాది రేపల్లె. నాన్న టైలరు. ఇంటర్ మొదటి సంవత్సరం తప్పాక ఇంట్లో కూర్చోలేక తెనాలి వెళ్ళి ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, అక్కడే ఒక డీటీపీ షాపులో చేరాను. పొద్దున్నే పాసింజరు ఎక్కడం, భట్టిప్రోలు, వేమూరు, జంపని దాటుకుని తెనాలిలో దిగడం, సాయంత్రం మళ్ళీ అదే బండిలో వెనక్కి. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, ఇవీ నా పని. చేతులు తొందరగా ఆడతాయని అందరూ మెచ్చుకునేవారు. నోరు అంతకంటే తొందరగా ఆడుతుందని మా ఓనరు అనేవాడు. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

ఇంట్లో మేం మాట్లాడేది సగం ఉర్దూ, సగం తెలుగు. చదవడం, రాయడం మాత్రం నాకు తెలుగొక్కటే. దాదీకి, అంటే నాన్న వాళ్ళమ్మకి, ఏ అక్షరమూ రాదు కానీ వారపత్రికల్లో సీరియళ్ళంటే ప్రాణం. నాకు పదేళ్ళప్పటి నుంచీ నేనే చదివి వినిపించేదాన్ని. సరిగ్గా హీరోయిన్ ఉత్తరం విప్పే చోట ఆ వారం భాగం అయిపోయేది. దాదీ ఊరుకునేది కాదు.

"వాడు ఆపితే నువ్వూ ఆపుతావేంటే? ఉత్తరంలో ఏముందో చెప్పు" అనేది.

నాకేం తెలుసు. అయినా చెప్పేదాన్ని. పుస్తకం తెరిచే ఉంచి, అందులో చదువుతున్నట్టే కళ్ళు కదుపుతూ కల్పించి చెప్పేదాన్ని. తర్వాతి వారం అసలు సంగతి చదివితే, "పోయిన వారందే బాగుంది" అని పెదవి విరిచేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా చేతికి ఆ అలవాటు అప్పుడే పట్టింది.

ఇక సార్. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. వయసులో ఉన్నప్పుడు జర్మన్ నేర్చుకుని, ఆ దేశం వెళ్ళి కొన్నేళ్ళు పరిశోధన చేసి వచ్చారు. తెనాలికి తిరిగొచ్చాక ఆ పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషీ దొరకలేదట. దాంతో ఊరందరికీ చెప్పడం మొదలుపెట్టారు. లైబ్రరీ వాళ్ళు పిలిచినా, కాలేజీ వాళ్ళు పిలిచినా, ఒకసారి రైస్ మిల్లర్ల మీటింగులో పావుగంట ఇచ్చినా వెళ్ళి, ఈ కాలంలో జర్మన్ భాషలో ఎవరేం రాస్తున్నారో చెప్పి వచ్చేవారు. ఎవరినీ చందా అడిగేవారు కాదు. పోస్టర్లు మా షాపులోనే చేయించుకునేవారు.

"సార్, మీ పోస్టరు చూసి ఒకాయన ఫోన్ చేశాడండి. కీళ్ళ నొప్పులకి జర్మన్ హోమియో మందు మీరేనా ఇచ్చేది అని" అని మా అన్న ఆయన ముందే అనేవాడు.

"రమ్మను. కథ వింటే నొప్పి మర్చిపోతాడు" అనేవారు సార్.

టైపు చేస్తున్నంతసేపూ నా వెనక స్టూలు మీద కూర్చునేవారు. ఒకరోజు నేనే అడిగాను.

"సార్, జర్మన్‌లో రాసేవాళ్ళంటే జర్మనీ వాళ్ళేగా?"

"అలా అనుకుంటారు. ఆస్ట్రియాలో రాస్తారు, స్విట్జర్లాండులో రాస్తారు. టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనులకి పోయినవాళ్ళున్నారు చూడు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు రాస్తున్నారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష. వీధి భాషలో రాస్తున్నారు."

"మాకు మల్లే సార్."

"అవునమ్మా, మీకు మల్లేనే."

ఆ రోజు సాయంత్రం గొడుగు షాపులో మర్చిపోయి స్టేషన్ దాకా తడుచుకుంటూ వెళ్ళాను.

ఆ ఏడు వానాకాలంలో సార్ ఒక ఏర్పాటు చేసుకున్నారు. వరసగా మూడు ఆదివారాలు మూడు ఊళ్ళలో మాట్లాడటం: ముందు తెనాలి, తర్వాత బాపట్ల, ఆ తర్వాత మా రేపల్లె. తను తెలుగు చేసిన ఒక కథని చిన్న పుస్తకంగా వేయించి వచ్చినవాళ్ళకి ఉచితంగా పంచడం. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా అప్పటిదాకా ఆయన పేరుతో ఒక్క పుస్తకం అచ్చు కాలేదు. అదే మొదటిది.

ఆ కథ ఇదీ. టర్కీ నుంచి పోయిన ఒక కుటుంబం. జర్మనీలో ఏదో ఊళ్ళో మూడంతస్తుల ఇంట్లో పై వాటా. తల్లి ఇంట్లోనే కోట్లు కుడుతుంది. కింద వాటాలో ఒంటరిగా ఒక జర్మన్ ముసలావిడ. మిషను చప్పుడు మొదలవగానే ముసలావిడ చీపురు కర్రతో తన ఇంటి కప్పు మీద, అంటే వీళ్ళ నేల మీద, టక్ టక్ టక్ అని కొడుతుంది. ఏళ్ళ తరబడి అదే. ఒకరి భాష ఒకరికి రాదు. మెట్ల మీద ఎదురుపడితే తల తిప్పుకుంటారు. ఒకరోజు తల్లి మిషను తొక్కుతుంటే కింద నుంచి చప్పుడు రాలేదు. ఆపి వింది. మళ్ళీ గట్టిగా తొక్కింది. రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు ఆమె సూది గుడ్డలోనే వదిలేసి, చెప్పుల్లేకుండా మెట్లు దిగి, ముసలావిడ తలుపు ముందు నిలబడి, చెయ్యి ఎత్తింది.

అక్కడితో సార్ కాగితం అయిపోయింది.

ఆయన కాగితాలకి నంబర్లు వేసేవారు కాదు. పాత పరీక్షల ఆన్సరు షీట్ల వెనక వైపు రాసేవారు. నంబర్లు వేయండి సార్ అంటే, "కథ చదివితే వరస తెలియదా ఏంటి" అనేవారు. నేను ఆ కథ మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గాలి కోసం వీధి తలుపు బార్లా తీశాను. కాగితాల మీద పేపరు వెయిట్ పెట్టడం మర్చిపోయాను. కరెంటు రాగానే ఫ్యాను ఒక్కసారి ఫుల్ స్పీడులో తిరిగి, సార్ కథ మొత్తం షాపంతా ఎగిరింది. రెండు కాగితాలు మెట్ల మీద పడ్డాయి. ఒకటి మురిక్కాలవ అంచున దొరికింది. అన్నీ ఏరుకుని వరసలో పెట్టుకున్నాను. టైపు చేస్తూ చేస్తూ చివరికొచ్చి చూస్తే, కాగితం అడుగు లైనులో "చెయ్యి ఎత్తింది". ఆ తర్వాత కాగితం లేదు.

కాలవలో కర్రతో కెలికాను. పక్క కిరాణా కొట్టు బస్తాల వెనక వెతికాను. అంతకు ముందు వారమే ఒక పెళ్ళి కార్డు మేటరు పోగొట్టి అన్న చేత తిట్లు తిన్నాను. అది పెళ్ళికొడుకు తండ్రిని అడిగితే మళ్ళీ రాసిచ్చాడు. సార్‌ని అడుగుదామంటే ఆయన కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్ళారు. ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ట్రేసింగ్ పేపర్లు మర్నాడు సాయంత్రానికి ప్రెస్సుకి ఇవ్వాలి.

"ఏంటే, అయిందా సార్‌ది?" అన్నాడు అన్న.

"అయిపోయిందన్నా, ఒక పేజీ ఉంది" అన్నాను.

ఆ పేజీ నేనే రాశాను. అరగంట పట్టింది. నాకు అది అబద్ధమనిపించలేదు. ముసలావిడ తలుపు తీసిందని, జ్వరంతో ఉందని, తల్లి చారు కాచి తెచ్చి తాగించిందని రాశాను. ఇంకేం జరుగుతుంది, ఆ పేజీలో అదే ఉండుంటుంది, మాటలు మారినా సంగతి మారదు అని నాకు నేను చెప్పుకున్నాను. కథలు అలా చెయ్యెత్తి ఆగిపోతాయని నాకెవరూ చెప్పలేదు. సీరియల్ కూడా పై వారం వస్తుంది గదా.

మర్నాడు మధ్యాహ్నానికి సార్ ఆపరేషన్ అయి వచ్చేస్తే, ప్రెస్సుకి ఇచ్చే ముందు ప్రూఫు పట్టుకెళ్ళాను. అట్ట కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నువ్వు చూశావుగా?" అన్నారు. చూశానండి అన్నాను. "అయితే చాలు, ఇచ్చెయ్" అన్నారు. అప్పుడు చెప్పాల్సింది. నోరు ఇంత ఉన్నదాన్ని, ఆ ఒక్క మాటకి పెగల్లేదు.

మొదటి ఆదివారం తెనాలిలో గొడవ లేకుండా గడిచింది. పుస్తకాలు ఇంకా ప్రెస్సు నుంచి రాలేదు, సార్ మాట్లాడి ఊరుకున్నారు. రెండో ఆదివారం, "నాకు అక్షరాలు ఆనడం లేదు, నువ్వు వచ్చి కథ చదివిపెట్టు" అన్నారు. పగటి పూటే గదా, సార్‌తోనే గదా అని నాన్న పంపించాడు. కొత్త చున్నీ వేసుకుని, కట్టలు మోసుకుని బాపట్లలో దిగాను.

సార్ ముందు మాట్లాడారు. నేను పక్కన కూర్చుని, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటున్నాను. ఆయన జేబులోంచి మడత పెట్టిన ఉత్తరం ఒకటి తీశారు. ఆ కథ రాసినావిడే రాసిన ఉత్తరమట. తెలుగులో వేసుకోవచ్చని ఒప్పుకుందట, డబ్బేమీ వద్దందట, ఒక్కటే షరతు పెట్టిందట.

"ఈ కథ తలుపు ముందు ఆగిపోతుందండి" అన్నారు సార్ మైకులో. "లోపల ఆవిడ బతికుందో లేదో చెప్పదు. ఎంతమంది అడిగినా చెప్పలేదట. ఒక దేశంలో ఎవరో చివర్న తలుపు తీయించేశారట, దాంతో ఎవరికీ ఇవ్వడం మానేసింది. ఒక్క మాట కలపను, ఒక్క మాట తీయను అని నేను రాసిచ్చాను, అప్పుడు ఇచ్చింది. రేపు పోస్టులో రెండు పుస్తకాలు ఆవిడకి వెళ్తున్నాయి. అక్కడ యూనివర్సిటీలో తెలుగు వచ్చినవాళ్ళున్నారు, చదివి చెప్తారు."

నా చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. పేజీ పోలేదు. అసలు ఆ పేజీ లేనే లేదు.

"ఇప్పుడు అమ్మాయి చదువుతుంది" అన్నారు సార్.

అలా మైకు ముందుకొచ్చాను. ఏడో పేజీకి వచ్చేసరికి హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. సూది గుడ్డలోనే వదిలేసింది. చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. తలుపు ముందు నిలబడింది. చెయ్యి ఎత్తింది.

ఆగాను. పుస్తకం మూసేశాను.

ముందు వరసలో పెద్దావిడ వేలు కూడా ఆ లైను చివరికొచ్చి ఆగింది. పేజీ తిప్పింది. పైనుంచి కిందకి చదువుకుంది. తల ఎత్తి నన్ను చూసింది, మళ్ళీ పేజీని చూసింది.

వెనక నుంచి ఒకాయన, "అంతేనాండి?" అన్నాడు.

"అంతేనండి" అన్నారు సార్. ఆయన మొహంలో ఆ నవ్వు నేను అంతకు ముందు చూడలేదు. "ఈ అమ్మాయి ఎలా ఆపిందో చూశారా. అలా ఆపాలి."

భూమిలోకి పోతే బాగుండనిపించింది. హాల్లో ఒకటే చర్చ. ముసలావిడ పోయుంటుందని ఒకరు, కొడుకు వచ్చి తీసుకుపోయుంటాడని ఒకరు. "కర్ర విరిగుంటుందండి, కొత్తది కొనుక్కోడానికి బజారెళ్ళుంటుంది" అని ఇంకొకాయన అంటే అందరూ నవ్వారు. "అమ్మాయ్, నువ్వు చెప్పు, ఏమైందంటావ్?" అని లైబ్రేరియన్ నన్నే అడిగారు.

"నాకు తెలీదండి" అన్నాను, పెద్దావిడ వైపు చూడకుండా.

లైబ్రేరియన్ పుస్తకాలు పంచడానికి వంగి కట్ట పైకి లాగుతున్నారు. సార్ చెవి దగ్గరికి వంగి, "సార్, ఇవాళ పంచొద్దండి. ప్రింటింగ్‌లో తప్పుంది, ఇప్పుడే చూశాను" అన్నాను. ఆయన నా మొహంలోకి చూడబోయారు కానీ ఆ అట్ట వల్ల ఎంత కనపడిందో తెలీదు. పుస్తకాలు తర్వాత పంపిస్తామని మైకులో చెప్పారు. నేను కట్ట విప్పకుండా దాని మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. అచ్చు కాగితం మీద కాలు పెట్టడం ఏంటని ఇంకోరోజైతే నాకే భయమేసేది.

జనం లేస్తుంటే పెద్దావిడ కోసం పరిగెత్తాను. గుమ్మం దగ్గర దొరికింది. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైందట.

"చివరి పేజీ చదవలేదేంటమ్మా?" అంది మెల్లగా.

నేను ఏదో అనేలోపే, "నాకు ఆ పేజీ చాలా నచ్చింది" అని, బ్యాగు జిప్పు లాక్కుని రిక్షా ఎక్కేసింది. "అమ్మా, ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి" అని వెనక నుంచి అన్నాను. చెవి వినపడదు గదా. రిక్షా మలుపు తిరిగిపోయింది. ఇల్లెక్కడని లైబ్రేరియన్‌ని అడిగితే, గుడి వెనక సందు, జామచెట్టున్న ఇల్లని చెప్పారు.

తిరుగు బండిలో సార్‌కి కిటికీ పక్క సీటు దొరికింది. నాకు ఎదురు సీటు. నా పక్కన చేపల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. వాడరేవు చేపలు చీరాలలో అమ్మి, మిగిలినవి తెనాలి పట్టుకెళ్తోందట. రెండు స్టేషన్లు పోయేదాకా నాకు కూర్చోవడం చేతకాలేదు. లేచి తలుపు దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం.

"కూచో పిల్లా, బండి నువ్వు తోస్తే పోతందా?" అంది చేపలావిడ.

కూర్చున్నాను. "సార్, ప్రింటింగ్ తప్పు కాదండి" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఫ్యాను, కాగితాలు, కాలవ, ఫోను, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఏం రాశావో చదువు" అన్నారు.

చదివాను. ముసలావిడ తలుపు తీసింది. ఒంటి మీద దుప్పటి కప్పుకుని ఉంది, కళ్ళు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. తల్లి మాట్లాడకుండా పైకెళ్ళి చారు కాచి తెచ్చింది. మంచం అంచున కూర్చుని చెంచాతో తాగించింది. రెండు చెంచాలు తాగాక ముసలావిడ, మిషను ఎందుకు ఆపావు, ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదు అంది. తల్లి గిన్నె కింద పెట్టి పైకి వెళ్ళింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.

"ఆ ఊళ్ళో చారు ఎక్కడిదమ్మా?" అన్నారు సార్.

"వాళ్ళేం తాగుతారో తెలీలేదు సార్."

"ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదని కథంతా ఉంది. ముసలావిడ అన్న మాట ఆమెకి ఎలా అర్థమైంది?"

నేను నోరు తెరిచేలోపు చేపలావిడ అందుకుంది. "అర్థమవుద్దండీ, ఎందుకవదు. నిద్రకీ జొరానికీ బాస కావాలా ఏంటి? ముసల్ది బతికింది గదా, అది చాలు."

సార్ ఆవిడ వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగారు.

"ఆ నిద్ర మాట నీకెక్కడిది?"

"మా పక్కింటి మామ్మది సార్. రంజాన్ ముందు నాన్న రాత్రీ పగలూ కుడతాడు. పండగైపోయాక మిషను ఆగితే గోడ మీద నుంచి అడుగుద్ది, ఆ చప్పుడు లేకపోతే మధ్యాహ్నం కునుకు రావట్లేదు, కాసేపు తొక్కమనమ్మా అని."

సార్ అట్ట కింద రుమాలు పెట్టి తుడుచుకున్నారు. డాక్టరు నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు. ఉత్తరం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"మీ మామ్మ మంచిదమ్మా. నువ్వు రాసింది కూడా బాలేదని అనను. కానీ నేను మాటిచ్చింది ఇంకొకావిడకి. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి వాళ్ళ పుస్తకాల గురించి చెప్పాను. వాళ్ళలో ఒక్కరు నన్ను నమ్మి ఇచ్చింది ఇదొక్కటి." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "అడగొచ్చు గదా నన్ను. పేజీ పోయింది సార్ అంటే కొడతానా?"

నేను ఏడ్చాను. చేపలావిడ తన కొంగు ఇవ్వబోయింది, చేపల వాసన గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"ఆ పేజీ చించెయ్" అన్నారు సార్.

"కుదరదు సార్, మధ్యలో పిన్ను కొట్టారు. చివరి కాగితం, మొదటి కాగితం ఒకటే ముక్క. చించితే మీ పేరున్న పేజీ ఊడొస్తుంది."

"అయితే పైన తెల్ల కాగితం అతికించు."

"వెలుతురుకి పెట్టి చదువుతారు."

"చదవనీ. అతికించారంటే అది ఆవిడది కాదని తెలుస్తుంది, అది చాలు. వచ్చే ఆదివారం రేపల్లెకి అన్నీ అతికించినవే రావాలి. జర్మనీకి పంపే రెండూ అప్పటిదాకా ఆపుతాను. ఒక్కటి కూడా ఇలా బయట ఉండకూడదు."

నిడుబ్రోలు దాటింది. ఇక దాయడం నా వల్ల కాలేదు.

"ఒకటి ఉంది సార్" అన్నాను. పెద్దావిడ సంగతి చెప్పాను. ఆ పేజీ ఆవిడకి నచ్చిందన్న మాట కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

సార్ కిటికీ వైపు తిరిగారు. తెనాలి ప్లాట్‌ఫారం మీద దిగి, కట్టలు రిక్షాలో పెట్టాక, "అది కూడా తీసుకురా" అని మాత్రం అన్నారు. రేపు షాపుకి రమ్మని గానీ, వద్దని గానీ అనలేదు. నేను చదివితే విని, అలా ఆపాలి అన్న మనిషే. ఆ మాట మళ్ళీ ఆయన నోట వింటానో లేదోనని రేపల్లె బండిలో కూర్చున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో. జంపని వచ్చింది, వేమూరు వచ్చింది, నాకేమీ కనపడలేదు.

ఇంటికొచ్చి దాదీకి మొత్తం చెప్పాను. ఆవిడ వక్క నమలడం ఆపి వింది.

"నీదే బాగుంది" అంది.

"బాగుండటం కాదు దాదీ, ఆ కథ నాది కాదు."

"మరి ఆ ముసల్ది బతికుందా, లేదా?"

"తెలీదు."

"రాసినదానికి కూడా తెలీదా?"

"తెలుసేమో. చెప్పదు."

దాదీ వక్క ఇంకో బుగ్గలోకి తోసుకుంది. "పాపం, ఆ తల్లిని తలుపు ముందే నిలబెట్టేసింది" అంది. ఉత్తరం విప్పకుండా ఆగిన ఏ హీరోయిన్ గురించీ ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు. ఏమైందో చెప్పమని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున తెనాలి పాసింజరు ఎక్కలేదు. అన్నకి ఫోన్ బూత్ నుంచి ఆలస్యమవుతుందని చెప్పి, బాపట్ల బస్సెక్కాను. పెద్దావిడతో ఏమనాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. అమ్మా, అది అచ్చు తప్పండి అందామనుకున్నాను. అది అబద్ధం. పుస్తకం మార్చి ఇస్తానందామనుకున్నాను. ఏం మార్చావని అడుగుతుంది. ఆవిడకి నచ్చిన పేజీనే వెనక్కి ఇమ్మని అడగాలి, అది నేనే రాశానని చెప్పాలి, చెప్పి కూడా తీసేసుకోవాలి. చెరుకుపల్లిలో బస్సు ఆగితే దిగిపోదామా అనిపించింది. దిగలేదు.

గుడి వెనక సందు ఇరుకు. జామచెట్టు కొమ్మ గోడ దాటి వీధిలోకి వంగి ఉంది. నీలం తలుపు, లోపల గడియ వేసి ఉంది. ఇంట్లో చప్పుడు లేదు. చెప్పులు గుమ్మం కింద విడిచాను. చెయ్యి ఎత్తాక, బస్సులో అనుకున్నవన్నీ మర్చిపోయాను.

ఆవిడకి చెవి సరిగా వినపడదు గదా, గట్టిగా కొట్టాను.